బయటి నుంచి తెరిచే హెల్మెట్

యాభైకి దగ్గర పడుతున్న మనిషిని ఇంకా పెద్దోడు అని పిలుస్తున్నారంటే, ఆ ఇంట్లో చిన్నోడు కూడా ఒకడున్నాడని అర్థం. ఉన్నాడు. కింది వాటాలోనే ఉన్నాడు. పెద్దోడు పై వాటాలో. మధ్యలో ఉన్నవి కాసిని మెట్లూ, నాలుగేళ్ళ మౌనమూ. నీళ్ళ మోటారు ఆపాలంటే పెద్దోడు తన భార్యకు చెప్పాలి, ఆవిడ తోడికోడలికి చెప్పాలి, ఆవిడ మొగుడికి చెప్పాలి. ఈలోగా ట్యాంకు పొంగి గోడంతా తడిసిపోయేది. అన్నదమ్ములిద్దరూ ఆ పక్కనే చేతులు కట్టుకుని నిలబడి చూసేవారు. పంతమంటే అదీ!

పెద్దోడిది బోర్డుల షాపు. షాపుల పేర్లూ, డాక్టర్ల పేర్లూ ప్లాస్టిక్ షీటు మీద గీసి, చేతి రంపంతో కోసి, ఆకురాయితో అంచులు నున్నగా చేసి అతికిస్తాడు. ఊరంతా మిషన్లతో కోయిస్తున్నా తను మాత్రం మిషన్‌ని గడప తొక్కనివ్వలేదు. చిన్నోడు ఒకప్పుడు ఆ షాపులోనే పక్కన కూర్చుని కోసేవాడు. ఇప్పుడు వేరేచోట, మిషన్ ఉన్నచోట పనిచేస్తున్నాడు.

చిన్నప్పుడు ఇద్దరూ ఒకే సీట్లో ఇరుక్కుని చూసిన సినిమా ఒకటుంది. అంతరిక్షంలోకి పోయినవాళ్ళ కథ. అందులో కెప్టెన్ హెల్మెట్ లోపలి మనిషి తీసుకుందామన్నా రాదు, పక్కనున్న తోడు మనిషే వెనకనుంచి తెరవాలి. పైకెళ్ళాక ఎవడి తల వాడి చేతుల్లో ఉంటే కొంప మునుగుతుందని ఆ సినిమా వాళ్ళ లెక్క కాబోలు. ఆ తర్వాత ఎన్ని నెలలో ఇంట్లో బకెట్ బకెట్‌గా లేదు. చిన్నోడు తల మీద బోర్లించుకునేవాడు, పెద్దోడు వెనకనుంచి తీసేవాడు.

పాత సినిమాల్లోని వస్తువుల్ని అచ్చుగుద్దినట్టు తయారుచేసేవాళ్ళకి ఆదివారం ప్రదర్శన ఉందని తెలిసి పెద్దోడు ఆ హెల్మెట్ మొదలుపెట్టాడు. అంతా చేత్తోనే. ప్రదర్శన ఒక వంక, అంతే. చేత్తో ఇంత పని అవుతుందని కింది వాటా దాకా కబురు చేరాలి, అదీ అసలు కోరిక. ముఖం ముందు అద్దానికి సుత్తితో కొట్టినా పగలని షీటు తెచ్చి, వేడిచేసి వంచాడు. మెడ దగ్గరి తాళానికి పాత ప్రెషర్ కుక్కర్ అంచు కోసి పెట్టాడు. మూతలా తిప్పితే బిగుసుకుంటుంది. గాలి చొరకూడదు కదా, అందుకని కుక్కర్ రబ్బరు కూడా వేశాడు! మెడ వెనక ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి స్ప్రింగు పిన్నులు. రెండూ ఒకేసారి నొక్కిపట్టి తిప్పితేనే ఊడుతుంది. ఊపిరికి వెనక సన్నని కంతలు, వాటి వెనక బ్యాటరీతో తిరిగే బుల్లి ఫ్యాను. స్టాండు మీద పెట్టి వెనక నిలబడి, బొటనవేళ్ళతో పిన్నులు నొక్కి అరచేతుల్తో తిప్పి, ఎన్నిసార్లు తెరిచి మూశాడో. ప్రతిసారీ వెన్నలా వచ్చింది.

ఆ మధ్యాహ్నం పై వాటాలో ఎవరూ లేరు. పెద్దోడు అద్దం ముందు నిలబడి హెల్మెట్ తలకెత్తుకున్నాడు. బాగుంది. చాలా బాగుంది. ఆ సంతోషంలో రెండు చేతులా పట్టుకుని తిప్పాడు.

టక్.

తాళం పడింది. వెనక్కి చేతులు పోనిచ్చాడు. రెండు పిన్నులూ అందాయి, నొక్కాడు కూడా. చేతులు అలా వెనక్కి మడిచాక అరచేతులు హెల్మెట్‌కి ఆనవు, మరి తిప్పేదెవరు? మూడో చెయ్యి ఎక్కడినుంచి తెస్తాడు? అంత బుర్ర పెట్టి చేసిన మనిషికి ఆ ఒక్క సంగతి తట్టలేదంటే ఏమనాలి! తలుపు సందులో హెల్మెట్ ఇరికించి ఒళ్ళంతా తిప్పి చూశాడు. మెడ పట్టేసింది. సుత్తి తీసుకుని ముఖం ముందరి అద్దం మీద కొట్టాడు. అది పగలదని అందరి దగ్గరా గొప్పలు పోయింది తనే. నిజంగానే పగల్లేదు. చెవులు మాత్రం గింగురుమన్నాయి.

భార్యకు ఫోన్ చేశాడు. ఆవిడ ఊరి అవతల మందుల షాపులో పనిచేస్తుంది. "హలో, హలో... ఏంటి గురగురలాడుతున్నావ్? సిగ్నల్ లేదు," అని పెట్టేసింది. మెసేజ్ కొట్టాడు: "హెల్మెట్‌లో ఇరుక్కుపోయా. రావట్లేదు."

జవాబు వచ్చింది. "హమ్మయ్య, ఇప్పటికైనా నోరు మూతపడింది. సాయంత్రం వస్తా."

"నిజంగా. ఊపిరాడట్లేదు," అని మళ్ళీ కొట్టాడు.

ఈసారి జవాబు వెంటనే వచ్చింది. "అయ్యో! నేను వచ్చేసరికి గంట పడుతుంది. మీ తమ్ముడికి ఇవాళ సెలవు, కింద ఉన్నాడు. పంతాలు తర్వాత. దిగు."

పెద్దోడు మంచం మీద కూర్చున్నాడు. నాలుగేళ్ళు పలకరించని మనిషి ముందుకి ఈ వేషంలోనా! అంతకంటే ఇక్కడే ఉండటం నయం అనిపించింది. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది తన పని. లోపల తన ఊపిరి తనకే వినిపిస్తోంది. అప్పుడు ఫ్యాను చిన్నగా మూలిగి ఆగిపోయింది. అద్దం లోపల ఆవిరి కమ్మింది. గదిలో బల్ల, కిటికీ, తలుపు మసకబారిపోయాయి. భయమేసింది, మామూలు భయం కాదు. గోడ తడుముకుంటూ, మెట్లు తడుముకుంటూ దిగి తమ్ముడి తలుపు బాదాడు.

చిన్నోడు తలుపు తీసి అలాగే నిలబడిపోయాడు. రంగు మరకల చొక్కా చూసి మనిషిని గుర్తుపట్టాడు. తల చూసి సినిమాని గుర్తుపట్టాడు. నవ్వలేదు.

"తాళం పడిందా?" అన్నాడు.

పెద్దోడు ఏదో అరిచాడు. బయటికి వచ్చింది మాత్రం మూలుగే. "ఒక్క ముక్క వినపడట్లేదు. నీకూ వినపడదేమో," అని చిన్నోడు అతన్ని కుర్చీలో కూలేసి వెనక్కి వెళ్ళాడు. పెద్దోడికి ప్రతి ముక్కా వినపడింది. చిన్నోడు మాట్లాడేది సరిగ్గా వెనక కంతల దగ్గరే, పైగా ఫ్యాను ఆగిపోయాక గోడ మీద బల్లి అరిచినా లోపలికి వినపడేలా ఉంది.

ఎడమ పిన్ను దిగింది. కుడిది దిగలేదు. మళ్ళీ ఒకసారి. మళ్ళీ జారింది. చిన్నోడి కుడి బొటనవేలు సగమే ఉంది, ఉన్న సగంలో పట్టు లేదు. షాపులో రంపం కింద పోయింది.

"నావల్ల కావట్లేదన్నయ్యా," అన్నాడు చిన్నోడు. అన్నయ్యా అన్న పిలుపు నాలుగేళ్ళకు వినపడింది. హెల్మెట్ లోపలికి మాట పోదన్న ధీమాతో నోరు జారి ఉంటుంది. ఆ ధీమాతోనే మిగతాదీ వచ్చేసింది, పిన్ను మీద వేలు జారుతూనే ఉంది, మాటా ఆగలేదు.

"స్ప్రింగు ఇంత గట్టిదా పెట్టేది? నీలాంటిదే నీ తాళమూనూ. చేత్తో కొయ్యలేనివాడికి ఈ షాపులో ఏం పని అన్నావు. అంతమంది కస్టమర్ల ముందు. మిషన్ కొందామన్నానని. నా వేలు ఎలా పోయిందో నీకు తెలీదా? షీటు పట్టుకోవాల్సింది ఎవరు? ఫోను మోగిందని వదిలేసింది ఎవరు? ఒక్కనాడైనా ఆ మాట నేను నోరెత్తి అన్నానా? ఆస్పత్రిలో డాక్టరు అడిగితే నా పరాకే అని చెప్పాను. నా పరాకే అని!"

పెద్దోడు ఆ ఆవిరి వెనక కదలకుండా కూర్చున్నాడు. లేచి వెళ్ళిపోవడానికి లేదు, చెవులు మూసుకోవడానికి లేదు, ఎదురు మాట్లాడటానికి అసలే లేదు. జన్మలో తమ్ముడి మాట అంతసేపు విన్నది లేదు. ఊపిరి చాలక కళ్ళ ముందు చుక్కలు మొదలయ్యాయి.

"ఉండు, పక్కింటాయన్ని పిలుస్తా," అని చిన్నోడు కదలబోయాడు. పెద్దోడు వాడి మణికట్టు పట్టేసుకున్నాడు. తన కుడి చెయ్యి మెడ వెనక్కి పోనిచ్చి గాల్లో తడుముకున్నాడు. చిన్నోడికి అర్థమైంది. అన్న బొటనవేలు పట్టుకుని తీసుకెళ్ళి కుడి పిన్ను మీద పెట్టాడు. తను ఎడమది నొక్కాడు. మోచేత్తో, అరచేత్తో హెల్మెట్‌ని వాటేసుకుని తిప్పాడు.

టక్.

పెద్దోడు గాలి పీల్చిన తీరు చూసి చిన్నోడు నీళ్ళు తెచ్చాడు. తాగాడు. ముఖం తుడుచుకున్నాడు. ఇద్దరి మధ్యా హెల్మెట్ నేల మీద ఉంది.

"నాకంతా వినపడిందిరా," అన్నాడు పెద్దోడు.

చిన్నోడి ముఖం పాలిపోయింది. పెద్దోడు ఇంకేదో అనాలని నోరు తెరిచాడు. తమ్ముడి కళ్ళలోకి చూసి మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఎంత పెద్ద బోర్డు మీదైనా అక్షరాలు పేర్చే మనిషికి నాలుగు మాటలు రాలేదు.

చిన్నోడు వంగి హెల్మెట్ తీసుకున్నాడు, తలకి పెట్టుకున్నాడు, తిప్పుకున్నాడు. టక్‌మంది. తీయడం తనవల్ల కాదని తెలిసీ తిప్పుకున్నాడు. కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

అప్పుడు వచ్చింది పెద్దోడికి మాట. వాడి వెనక నిలబడి, మెడ దగ్గరి పిన్నుల్ని చూస్తూ మాట్లాడాడు. "షీటు వదిలేసింది నేనేరా. నీ వేలు పోయింది నావల్లే. నువ్వు మిషన్ అన్నప్పుడల్లా ఆ వేలే చూపిస్తున్నట్టుండేది నాకు. తట్టుకోలేకపోయాను. తప్పంతా నా దగ్గర పెట్టుకుని నిన్ను తరిమేశాను. నన్ను క్షమించరా." చివరి మాటకి ఏడ్చేశాడు. సిగ్గుపడలేదు.

తర్వాత రెండు పిన్నులూ నొక్కి, అరచేతుల్తో తిప్పి తీశాడు. వెన్నలా వచ్చింది. లోపల చిన్నోడి ముఖం గడ్డం దాకా తడిసి ఉంది.

"ఏదో అన్నట్టున్నావ్," అన్నాడు చిన్నోడు ముక్కు ఎగబీలుస్తూ. "ఇందులో ఒక్క ముక్క వినపడదు. మళ్ళీ చెప్పు."

అందులో ఎంత వినపడుతుందో పెద్దోడికి తెలుసు. కుర్చీ ముందుకి వచ్చి, తమ్ముడి ఎదురుగా నేల మీద కూర్చుని, ముఖంలోకి చూస్తూ మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు.