వదిన గదిలో రెండో మనిషి

మా అన్నయ్యది తాళాల దుకాణం. ఆయన వేళ్ళ గొప్ప నేను చెబితే తమ్ముడు కాబట్టి చెబుతున్నాడంటారు. ఒకసారి ఒకాయన ఇనప్పెట్టె మోయించుకొచ్చి బల్ల మీద పెట్టించాడు. అన్నయ్య ఇంకా తీగ చేతిలోకి తీసుకోలేదు, ఒక్క తుమ్ము తుమ్మాడంతే. పెట్టె తెరుచుకుంది. పక్కనున్న టీ డబ్బా మూత కూడా ఊడి పడింది. అలాంటి మనిషి సొంత ఇంట్లో ఒక తలుపు దగ్గర బోల్తా పడ్డాడు.

దుకాణం ముందు, ఇల్లు వెనక, రెంటికీ మధ్య ఒక చిన్న గది. పాడైపోయిన తాళాలు, తుప్పు పట్టిన గడియలు గోనెసంచుల్లో పోసి అందులో పడేస్తాం. ఆ గది తాళంచెవి మేం ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలోనే పోయింది. ఊరందరికీ చెవులు చేసిపెట్టే మనిషి ఆ ఒక్కదానికీ చేసుకోలేదు. తుప్పు ముక్కల్ని ఎవరెత్తుకుపోతారని.

వదిన బాప్తిస్మం తీసుకున్నాక ఆ గదిని పట్టింది. మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి, చేతులు తుడుచుకుని, లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది. ప్రార్థన చేసుకుంటున్నానని చెప్పింది. అన్నయ్య మొదట్లో పట్టించుకోలేదు. ఓ రోజు ఎందుకో ఆ తలుపుకి చెవి ఆనించాడు. ఇక అప్పట్నుంచి మనిషి మనిషిలో లేడు. ఆకురాయితో తాళంచెవి బదులు గోరు అరగదీసుకున్నాడు. ఓ ముసలాయన బీరువా చెవి అడిగితే సైకిల్ చెవి చేసి పంపించాడు. ఆయన రెండ్రోజులు బీరువా ముందు నిలబడి చక్రాలెక్కడున్నాయా అని వెతుక్కున్నాడట.

నన్ను పక్కకి పిలిచి, అది ప్రార్థన కాదురా అన్నాడు. ఎందుకు కాదూ అంటే దానికి ఆయన లెక్క ఆయనకుంది. వదిన పోరు పడలేక ఒకసారి చర్చికి వెళ్ళాడు. పాస్టరుగారి ప్రార్థన మొదలైందంటే బ్రేకుల్లేని లారీ పల్లంలో దిగినట్టే, ఊపిరి తీసుకోడానిక్కూడా ఆగదు. ప్రార్థన అంటే అదీ. వదినేమో రెండు మాటలు చెప్పి ఆగుతుంది. ఆగి వింటుంది. మధ్యలో ఊ కొడుతుంది. ఒక్కోసారి నవ్వుతుంది కూడా. అవతల మనిషి లేకుండా ఊ కొట్టేవాళ్ళెవరైనా ఉంటారా అని అడిగాడు. నేనేం చెప్పను? నేను ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటేనే మా ఆవిడ ఊ కొట్టదు.

అసలు అనుమానం అది కూడా కాదు. తలుపు మూసి ఉంటోంది. ఇంట్లో దానికి చెవి లేదు. అంటే వదిన బయట ఎవరి దగ్గరో చెవి చేయించుకుంది. తాళాలవాడి పెళ్ళాం ఇంకో తాళాలవాడితో చెవి చేయించుకుంటే ఆ తాళాలవాడు తల ఎక్కడ పెట్టుకోవాలి? ఆ ఇంకోడెవరో కూడా ఆయనే తేల్చేశాడు. వీధి మలుపులో మాకు పోటీ దుకాణం ఒకటుంది. దాని ఆసామిని అందరూ నిచ్చెన అంటారు. నడుం వంచకుండా ఏ గుమ్మమూ దాటలేడు. చెవి లేకుండా ఎంతటి తాళమైనా తీసేవాళ్ళు మా పేటలో ఇద్దరే. ఒకరు అన్నయ్య, రెండోవాడు నిచ్చెన. నిచ్చెన వెళ్ళేదీ వదిన వెళ్ళే చర్చికే.

"లోపల ఎవడో ఉన్నాడని తేలిందా, మీ వదిన ఈ ఇంట్లో ఉండదురా. సాయంత్రానికి పుట్టింటికి పంపించేస్తాను. నువ్వే సాక్షి."

"లేడని తేలితే, అన్నయ్యా?"

"లేకుండా ఎలా ఉంటాడు?" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వాన దంచుతోంది. బేరాలు లేవు. అన్నయ్య దుకాణం షట్టరు సగం దించాడు. ఇద్దరం చెప్పులు విప్పి, పిల్లులు కూడా సిగ్గుపడేలా నడిచి ఆ తలుపు దగ్గర చేరాం. తాళం కన్నంలో కన్ను పెట్టి చూశాడు. చీకటి. కావాలనే కన్నానికి అడ్డం పెట్టారని నా చెవిలో ఊదాడు. అంతలో లోపల్నించి వదిన గొంతు వినబడింది.

"నిన్న నువ్వు చెప్పినట్టే చేశాను. ఆయన ఎంత కసిరినా నోరెత్తలేదు."

ఆగింది. జవాబేదీ వినబడలేదు. కానీ ఊరికే ఉండే మౌనం వేరు, ఎవరో చెబుతుంటే వింటూ ఉండే మౌనం వేరు. ఇది రెండోది. నా చేతుల మీద వెంట్రుకలు ఆకురాయి పళ్ళలా లేచి నిలబడ్డాయి. కాసేపటికి వదిన మెల్లగా నవ్వింది.

"ఎన్నాళ్ళని ఇలా? నువ్వే ఒకసారి ఆయనకి కనబడరాదూ."

అన్నయ్య ఇక ఆగలేదు. జేబులోంచి వంచిన కమ్మీ, సన్న తీగ తీసి తాళం కన్నంలో పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. లోపలి మీటల్ని వేళ్ళతో వెతుక్కుంటాడాయన, చూపుతో పని లేదు. టక్కుమని గడియ కదిలింది. గెలిచానన్నట్టు నావైపు చూసి తలుపు లాగాడు. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాడు. గోడ కదిలింది గానీ తలుపు కదల్లేదు.

"లోపల పట్టుకున్నాడురా" అన్నాడు. మళ్ళీ తీగ దూర్చాడు. తీగ తాళంలోనే పుటుక్కున విరిగింది.

అప్పుడు లోపల్నించి వదిన అడిగింది.

"ఏమండీ, తీసున్న తలుపుకి తాళం ఎందుకు వేశారు?"

అన్నయ్య తీగ తాళం తీయలేదు, వేసింది. ఆ తలుపుకి ఏ రోజూ తాళం పడలేదు. ఊరికే దగ్గరగా వేసి ఉండేది. వేరే ఎవరైనా అయితే ముందు లాగి చూసేవాళ్ళు. మేం తాళాలవాళ్ళం, మూసిన తలుపు కనబడితే చెయ్యి జేబులోకే పోతుంది. నాకు నవ్వు తన్నుకొచ్చింది. వేడి టీ మింగినట్టు మింగేశాను.

అన్నయ్యకి నవ్వు రాలేదు. ఎవరో ఉన్నారని తేలితే పుట్టింటికేనని తలుపుకి చెప్పినట్టు చెప్పేశాడు. తర్వాత అడిగాడు.

"లోపల ఎవరున్నారు?"

"ఉన్నారు."

"వాడికి తాళంచెవి ఎవరిచ్చారు?"

"ఆయనకి తాళంచెవులతో పనేముందండీ?"

ఇంకేముంది. అన్నయ్యని పక్కనపెడితే చెవితో పని లేనివాడు మా పేటలో ఒక్కడే, నిచ్చెన. వెళ్ళి వాడు దుకాణంలో ఉన్నాడో లేడో చూసి రమ్మని అన్నయ్య నన్ను తరిమాడు. ఆ వానలో నేను పరిగెత్తిన వేగానికి చినుకులు నన్ను అందుకోలేకపోయాయి, వెళ్ళేసరికి చొక్కా పొడిగానే ఉంది. నిచ్చెన దుకాణంలోనే ఉన్నాడు, కళ్ళద్దాలు ముక్కు కొసకి దించుకుని చెవి ఒకటి అరగదీస్తున్నాడు. నా గుండె మీంచి గోనెసంచి దింపినట్టయింది. విరిగిన తీగ తీయడం మా వల్ల కాదు కాబట్టి, సంగతంతా చెప్పకుండా రమ్మని బతిమాలాను.

ఆయన వచ్చాడు. అన్నయ్య ఆయన్ని కింద నుంచి పైదాకా చూశాడు. చూడటానికి చాలాసేపే పట్టింది. నిచ్చెన తాళం జోలికే పోలేదు. సుత్తితో తలుపు మడతబందుల్లోని కమ్మీలు పైకి తట్టి ఊడదీశాడు, మేమిద్దరం పట్టుకుంటే తలుపు పక్కకి వచ్చేసింది. లోపలి పిడికి వదిన శాలువా వేలాడుతోంది. కన్నానికి అడ్డం అదే.

లోపల వదిన చాప మీద మోకాళ్ళూని ఉంది. ఇంకెవరూ లేరు. అన్నయ్య సంచుల వెనక చూశాడు. సంచుల్లో చూశాడు. బకెట్ బోర్లించి చూశాడు. కిటికీ ఊచలు లాగి చూశాడు, వాటి మధ్య నుంచి పిచ్చుక దూరాలన్నా మూడు రోజులు పస్తుండాలి. చివరికి అలిసిపోయి నిలబడ్డాడు. నిచ్చెన ముందు పరువు పోయింది, నా ముందూ పోయింది.

"ఎవరూ లేరని ఒక్క మాట చెప్పు. ఇంతటితో వదిలేస్తాను."

నేను వదినకి సైగ చేశాను, చెప్పేయమని. ఆవిడ నావైపు చూడలేదు.

"అబద్ధం ఎలా చెప్పనండీ? యేసయ్య ఉన్నారు. ఇందాకా ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు."

"మరి నాకెందుకు కనబడడు?"

"తాళంలో మీటలు మీకు కనబడతాయా? వేలికి తెలుస్తాయి."

"అది ఇనుము. ఉంది కాబట్టి తెలుస్తుంది."

"నాకూ అంతేనండీ."

అన్నయ్య నిచ్చెన వైపు తిరిగి, నీకేమైనా కనబడిందా అని అడిగాడు. తనని తలుపు కోసం పిలిచారని, తలుపు ఊడిందని చెప్పి ఆయన నడుం వంచుకుని వెళ్ళిపోయాడు. వదిన లేచింది. చాప చుట్టి గోడకి ఆనించి, ఇంట్లోకి వెళ్ళి పెట్టె తీసి చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఏడవలేదు, దెప్పలేదు. ఉన్నారని ఒప్పుకుంది, మాట ప్రకారం వెళ్ళాలి, అంతే. అన్నయ్య గుమ్మంలో నిలబడి ఆ చీరల వంకే చూస్తున్నాడు, వాటి మడతల్లో ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు.

"ఆగు" అన్నాడు చివరికి. "నువ్వు వెళ్ళిపోతే వాడిక్కడికి మళ్ళీ రాడు. ముందు వాడు నాకు దొరకాలి. అప్పటిదాకా నువ్వెక్కడికీ కదలడానికి వీల్లేదు."

వదిన చేతిలో చీర అలాగే ఉండిపోయింది. తర్వాత ఒక్కొక్కటే మళ్ళీ బీరువాలో పెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నయ్య దుకాణం నాకొదిలేసి ఆ గదిలోకి వెళ్ళాడు. తలుపింకా బిగించలేదు కాబట్టి నాకంతా కనబడుతోంది. వదిన చాప మీద, ఆయన తుప్పు తాళాల సంచి మీద. వదిన రెండు మాటలు చెప్పి ఆగింది. ఆ ఆగినప్పుడు అన్నయ్య మెడ చాచి గది నలుమూలలా చూశాడు, రెప్ప కూడా వేయకుండా.

"మీరూ కాసేపు కళ్ళు మూసుకోండి" అంది వదిన.

"మూసుకుంటే తప్పించుకుపోతాడు" అన్నాడు అన్నయ్య.