ఖాళీ రోజు

సోమందేపల్లె నుంచి సింగపూరు చూసి వచ్చిన మొదటి మనిషి తానేనని నరసింహప్పకు గట్టి నమ్మకం. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన ఏడాది, 2005లో, బెంగుళూరులోని ఒక టూర్ల ఆఫీసు ద్వారా భార్య వనజాక్షిని వెంటబెట్టుకుని నాలుగు రోజులు పోయివచ్చాడు. అది జరిగి రెండేళ్ళవుతోంది. అప్పటి నుంచి ఊళ్ళో ఎవరు దూరప్రయాణం పెట్టుకున్నా ఆయన సలహా వినకుండా కదలరు. కదలనివ్వడు కూడా.

శ్రావణంలో ఒక ఆదివారం మధ్యాహ్నం శ్రీకాంత్, నందిని వచ్చారు. శ్రీకాంత్ వనజాక్షి అక్క కొడుకు. హిందూపురంలో మోటారు సైకిళ్ళ షోరూంలో పని. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ బండ్లు అమ్మినందుకు ఓనరు అతనికీ భార్యకీ సింగపూరు టికెట్లు ఇచ్చాడు. పెళ్ళయి అయిదు నెలలే. ఇంకో పన్నెండు రోజుల్లో ప్రయాణం.

కరెంటు లేదు. బయట వేరుశనగ చేలు సగానికి ఎండి ఉన్నాయి. మబ్బులు వస్తున్నాయి, పోతున్నాయి. వనజాక్షి మజ్జిగ ఇచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. ఆమె తల పైన గోడకు ఫోటో ఉంది. నోట్లోంచి నీళ్ళు చిమ్మే సింహం బొమ్మ ముందు భార్యాభర్తలిద్దరూ నిలబడి తీయించుకున్నది.

శ్రీకాంత్ ఒక నోటుబుక్కు తెరిచి చూపించాడు. నాలుగు రోజులకు పదిహేడు చోట్లు రాసుకున్నాడు. నరసింహప్పకు ముచ్చటేసింది. ఇంకో రెండు తానే కలిపాడు. ఆ తర్వాత వరుసగా చెప్పుకుంటూ పోయాడు. ఆరింటికల్లా గది వదిలిపెట్టాలి. కొత్త చెప్పులు వేసుకోకూడదు. రైల్లో మంచినీళ్ళు తాగినా జుల్మానా వేస్తారు. టూరు వాళ్ళు మధ్యలో ఒక రోజు ఖాళీగా వదిలేస్తారు, దాన్ని వృథా చేసుకోకుండా సొంతంగా తిరిగెయ్యాలి.

"ఇంగొకటి నాయనా," అన్నాడు. "పాస్‌పోర్టులు, దుడ్లు, హోటలు కార్డు, అన్నీ నీ నడుము సంచిలోనే పెట్టుకో. ఇద్దరి దగ్గరుంటే ఇద్దరూ పోగొడతారు. అన్నీ మగోని దగ్గరే ఉండల్ల."

అడకత్తెర చప్పుడు ఆగిపోయింది.

"ఆ మాట చెప్పద్దు," అంది వనజాక్షి.

ఆమె గొంతు పెద్దది చేయలేదు. అయినా ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. నరసింహప్ప నవ్వబోయి, చిన్నమ్మకు రైల్లో అయిదు నిమిషాలు తప్పిపోయిన కథ ఇంకా మనసులో ఉందని శ్రీకాంత్‌కు చెప్పాడు. ఆ కథ ఊళ్ళో అందరికీ తెలిసిందే. రైలు తలుపు పడింది, ఈయన పక్క స్టేషన్లో దిగి వెనక్కి వచ్చాడు, అయిదు నిమిషాల్లో ఆమెను పట్టుకున్నాడు.

"అయిదు నిమిషాలు కాదు. గంటా ఇరవై నిమిషాలు," అంది వనజాక్షి. "ఎదురుగా గడియారం ఉండింది. చూస్తానే కూర్చున్నా."

"ఇప్పుడెందుకే అదంతా?" అన్నాడు నరసింహప్ప.

"ఈ పిల్ల కూడా పోతాండాది కదా. అందుకు."

నందిని గ్లాసు కింద పెట్టి, ఏం జరిగిందో చెప్పమని అడిగింది. వనజాక్షి భర్త వైపు చూడకుండా, కత్తెర ఒళ్ళో పెట్టుకుని చెప్పింది.

అది రెండో రోజు, టూరు వాళ్ళు వదిలిన ఖాళీ రోజు. నరసింహప్ప దానికి ఏడు చోట్లు రాసి పెట్టుకున్నాడు. ఆమెకు షుగరు. పొద్దున మాత్ర వేసుకుని రెండు బ్రెడ్డు ముక్కలు తిని బయటపడింది. పదకొండు దాటినా ఇంకేమీ తినలేదు. బిస్కెట్లు, మాత్రలు, పాస్‌పోర్టులు, డబ్బు, అన్నీ ఆయన సంచిలోనే. భూమి కింద రైలు స్టేషన్లో ఆయన ముందు పరుగెత్తి రైలెక్కాడు. ఆమె చేరేసరికి అద్దాల తలుపు మూసుకుంది. లోపల ఆయన చెయ్యి ఊపడం కనిపించింది. రమ్మన్నాడో, ఉండమన్నాడో అర్థం కాలేదు.

"ముప్పై ఏండ్లు బస్సులో ఈయప్ప చెప్పింది విన్నా. తప్పిపోయినోళ్ళు ఉన్న తావు ఇడ్సద్దని. అందుకే ఆడ్నే కూర్చున్నా," అంది.

పది రైళ్ళు వచ్చిపోయాయి. ప్రతి రైలు తలుపు తెరుచుకున్నప్పుడు లేచి నిలబడింది. పదో రైలుకు లేవలేకపోయింది. చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమట పట్టింది. స్టేషన్ పనివాడు వచ్చి ఏదో అడిగాడు. హోటలు పేరు ఆమెకు తెలియదు. లోపలికి అడుగు పెట్టగానే చేపల తొట్టి ఉంటుందని మాత్రం గుర్తుంది. అది ఏ భాషలో చెప్పాలి? తుడిచే పని చేసే ఒక తమిళావిడ దగ్గరికి వచ్చి ఏ ఊరని అడిగింది. అనంతపురం అంటే తెలియలేదు. పుట్టపర్తి పక్కన అంటే తెలిసింది. ఆమె వనజాక్షి చెయ్యి పట్టుకుని తమ సామాన్ల గదిలోకి తీసుకుపోయి, చక్కెర దండిగా వేసి టీ ఇచ్చింది. అది తాగాక కళ్ళు నిలిచాయి. మళ్ళీ వచ్చి అదే బల్ల మీద కూర్చుంది.

"మరి చిన్నాయన?" అన్నాడు శ్రీకాంత్, మెల్లగా.

"పక్క స్టేషన్లో దిగి, నేనే ఎనక రైల్లో వస్తానని ఆడ్నే నిలబడినాడంట. వచ్చినంక ఏమన్నాడో అడుగు."

నరసింహప్ప గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాడు.

"చదువు రాని మొద్దును ఎంటబెట్టుకోని వచ్చినా చూడు, నాకు బుద్ధి లేదన్నాడు. అంతమంది ముందర. ఆ తమిళామెకు మాట తెలీకపోయినా సంగతి తెలిసింది. నా చెయ్యి ఇడ్సలే. ఆ పొద్దే ఇంగా నాలుగు చోట్లు తిప్పినాడు. ఈ ఫోటో ఆ సాయంత్రం తీసిందే."

నందిని తలెత్తి ఫోటో చూసింది. అందులో వనజాక్షి నవ్వుతోంది.

నరసింహప్ప మొహం నల్లబడింది. ఇంటి గుట్టు పిల్లల ముందు పెట్టడం మర్యాద కాదన్నాడు. అంత కష్టపడి తీసుకుపోతే దక్కింది ఇదా అన్నాడు. అంతలో వీధి చివర నీళ్ళ ట్యాంకరు హారను మోగింది. నాలుగు రోజులకొకసారి వచ్చే ట్యాంకరు. ఆమె లేవబోతుండగా నరసింహప్ప విసురుగా లేచి, నాలుగు ప్లాస్టిక్ బిందెలు సైకిలుకు తగిలించుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఎప్పుడూ ఆ వరుసలో నిలబడింది లేదు.

వీధిలో ఆడవాళ్ళ గొడవ, బిందెల చప్పుడు వినిపిస్తున్నాయి. శ్రీకాంత్ వెళదామన్నట్టు భార్యకు సైగ చేశాడు. నందిని కదలలేదు. తన పాస్‌పోర్టు ఎక్కడుందని అడిగింది. బ్యాగులో రెండూ కలిపి పెట్టానని అతను చెప్పాడు. తనది తనకివ్వమంది. ఇక్కడెందుకు, ఇంటికి పోయాక ఇస్తానన్నాడు. ఇప్పుడే ఇవ్వమంది. అతను చిన్నమ్మ మొహం చూసి, బ్యాగు జిప్పు తీసి ఇచ్చాడు.

ముప్పావు గంట తర్వాత నరసింహప్ప తిరిగి వచ్చాడు. చొక్కా తడిసిపోయింది. బిందెలు దించి లోపలికి వచ్చి, కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కోపం ఇంకా ఉందేమోనని శ్రీకాంత్ భయపడ్డాడు.

"నేను దిగిన స్టేషన్లో ఆఫీసరు నన్ను అడిగినాడు," అన్నాడు నరసింహప్ప. ఎవరి వైపూ చూడలేదు. "మీ ఆమె ఏం రంగు చీర కట్టుకుండాదని. నాకు తెలీలే."

తడి చొక్కా కొస పిండుకున్నాడు.

"పొద్దున్నుంచి ముందర నేను, ఎనక ఆమె. ఒక్కసారన్నా తిరిగి చూసింటే కదా తెలిసేది. ఎర్రదంటి, కాదు పచ్చదంటి. ఆయప్ప నన్ను మనిషిని చూసినట్లు చూల్లే. బస్సులో అరవై మంది ఎక్కితే ఎవురు యాడ దిగల్లో చెప్తాంటిని నేను. ఆ సిగ్గు ఓర్సుకోల్యాక నీ మీద అరిసినా."

వనజాక్షి అడకత్తెర తీసి వక్కల పళ్ళెంలో పెట్టింది.

"రెండేండ్ల కిందట చెప్పాల్సిన మాట," అంది.

"అవును," అన్నాడు.

ఆమె లేచి నీళ్ళ మీద మూతలు పెట్టి వచ్చింది. తుడుచుకోమని ఆయనకు టవలు ఇచ్చింది కానీ, అంతకు మించి మెత్తబడలేదు. నందిని పక్కకు వచ్చి కూర్చుని తన మాటగా కొన్ని సంగతులు చెప్పింది. పాస్‌పోర్టు, కొంచెం ఆ దేశపు డబ్బు, హోటలు కార్డు నీ దగ్గర వేరుగా ఉండాలి. తప్పిపోతే ఎవరు ఆగాలి, ఎవరు వెనక్కి రావాలి అన్నది బయలుదేరక ముందే మాట్లాడుకోవాలి. పూటకు ఒక చోటు చాలు, మధ్యాహ్నం గదికొచ్చి పడుకోవాలి. తాము వెళ్ళినప్పుడు మూడో రోజు తను మంచం దిగనని మొండికేసిందట. ఆయన పది దాకా గదిలో అటూ ఇటూ తిరిగి, చేసేది లేక ఆమెతో పాటు హోటలు వెనక ఏటి గట్టుకు వచ్చి కూర్చున్నాడట. ఇడ్లీలు తిని పడవలు చూశారు. ఆమెకు సింగపూరు అంటే ఆ ఒక్క రోజే గుర్తుంది.

శ్రీకాంత్ అంత సులభంగా ఒప్పుకోలేదు. జన్మకొక్కసారి వచ్చే అవకాశం, ఊరికే కూర్చోవడానికి అంత దూరం పోవాలా అని వాదించాడు. నందిని కూడా తగ్గలేదు. నోటుబుక్కు మీద భార్యాభర్తలు చాలాసేపు మాటామాటా అనుకున్నారు. మామూలుగా అయితే మధ్యలో దూరే నరసింహప్ప ఆ రోజు నోరు విప్పలేదు. పొద్దు వాలేసరికి పందొమ్మిది చోట్లు ఎనిమిదయ్యాయి. శ్రీకాంత్ మొహం ముడుచుకునే బండి స్టార్టు చేశాడు.

వినాయక చవితి దాటాక వాళ్ళు మళ్ళీ వచ్చారు, ఈసారి చాక్లెట్ల డబ్బాతో. ఎనిమిదింట్లో అయిదే చూశారట. రోజూ మధ్యాహ్నం రెండింటికి వాన పట్టుకునేదని నందిని చెప్పింది. మొదటి రోజు శ్రీకాంత్ వాన ఎప్పుడు ఆగుతుందా అని చిరాకు పడ్డాడట. రెండో రోజు ఒక టీ అంగడి పంచన ఇద్దరూ రెండు గంటలు కూర్చున్నారట. ఆ వాన చూస్తుంటే లేవబుద్ధి కాలేదు, మన చేలన్నీ గుర్తొచ్చాయి అని శ్రీకాంతే అన్నాడు.

సోమందేపల్లెలో ఆ ఏడు వేరుశనగ చేతికి రాలేదు. నరసింహప్ప వాళ్ళు చెప్పేది శ్రద్ధగా విన్నాడు. తర్వాత వనజాక్షి వైపు తిరిగాడు.

"మనం పోయినప్పుడు గూడా కురిసిందా?"

"మూడో దినం, మద్యాన్నం గదికొచ్చినంక కురిసింది," అంది వనజాక్షి. "నువ్వు నిద్రపోతాంటివి. లేపబుద్ధి కాలే."