మాస్కు తీసిన చెయ్యి

మా చెల్లెలు ఉషారాణి నన్ను హంతకుణ్ణి చేసింది. పోలీసు స్టేషన్లో కాదు, కోర్టులో కాదు. అక్కడైతే నాకూ ఒక వకీలు ఉండేవాడు. ఫోనులో చేసింది. ప్రతి శుక్రవారం సాయంత్రం వేలమంది ఎదురుచూసి ఫోనులో చదువుకునే సీరియల్లో చేసింది.

ఉషారాణి నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి మడిలోకి దిగితే, మా ఇంటికి రాసిపెట్టిన చదువంతా తనే చదివింది. డ్యూటీ అయ్యాక కథలు రాస్తుంది. మొదట్లో ఇంటి కథలే రాసేది. పదో తరగతి పిల్ల, మాట వినని తమ్ముడు, హాస్టలు, ఇంటికి రాని నాన్న, అలాంటివి. మా రోజాకి అవంటే ప్రాణం. రోజా నా కూతురు, ఇంటర్ మొదటి సంవత్సరం. అత్త కథలో పిల్ల ఏడిస్తే ఇక్కడ ఇది అన్నం మానేసేది. నేనూ తక్కువ మురిసిపోలేదు. టీ అంగడి దగ్గర కూర్చుని "మా చెల్లెలు రైటరు" అని నలుగురికీ వినిపించేలా చెప్పుకున్నాను.

తర్వాత ఇంటి కథలకి గిరాకీ తగ్గిందట. ఇప్పుడు జనానికి ఆసుపత్రుల్లో హత్యలు కావాలట. అందుకని 'ఊపిరి దొంగ' మొదలుపెట్టింది. అందులో ఒక ముసలి రైతు. ఇక లాభం లేదని ఆసుపత్రి వాళ్ళు చెబితే ఇంటికి తెస్తారు. తెచ్చిన కాసేపటికే పోతాడు. జబ్బుతో పోయాడని ఊరంతా అనుకుంటుంది. క్యాథరిన్ అనే సి.ఐ. ఒక్కతే అనుకోదు. ముసలాయన కూతురికి కాలవ కింద వరి పండే కయ్య రాసిస్తానని మాటిచ్చి ఉంటాడు. రాసివ్వకముందే ఊపిరి ఆగింది. ఆపింది ఎవరు? అదీ కథ.

మా నాయన చెంచురామయ్య పోయి రెండేళ్ళు. ఊపిరితిత్తులు చెడిపోయాయి. డాక్టరే ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. సొంత ఇంటి గాలిలో ప్రాణం వదలాలని ఎవరికి ఉండదు? ఆంబులెన్సులో ఆక్సిజన్ పెట్టించి తెచ్చాం. పంచలో మంచం వేశాం. చిన్నపిల్ల చూడకూడదని రోజాని పక్కింటికి పంపేశాం. తలవైపు నేను, కాళ్ళ దగ్గర ఉషారాణి, గోడకి ఆనుకుని మా అమ్మ ఆదిశేషమ్మ.

ఊపిరి ఉండగానే కొడుకు తులసి నీళ్ళు పొయ్యాలి. పోయిన తర్వాత పోస్తే అవి ఎవరికి? మూతికి మాస్కు ఉంటే నీళ్ళు ఎట్లా పోస్తాం? ఎడమ చేత్తో మాస్కు లేపాను, కుడి చేత్తో గ్లాసు వంచాను, మళ్ళీ మాస్కు పెట్టాను. పెట్టాననే చెబుతున్నాను. నాయన దగ్గాడు. దగ్గి, ఆగిపోయాడు. కాళ్ళు పట్టుకుని కూర్చున్న ఉషారాణి ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. నా భుజం మీద పడి ఏడ్చింది. ఆ కన్నీళ్ళతో పాటు ఏమేం చూసుకుందో, ఏమేం దాచుకుందో నాకేం తెలుసు?

కయ్య సంగతి కూడా నిజమే. నాయన దానికి ఇస్తానన్నాడు. నోటిమాట. నోటిమాటకి పాసుపుస్తకం రాదు. దున్నింది నేను, నీళ్ళు కట్టింది నేను.

సీరియల్ సంగతి నాకు మొదట చెప్పింది నాగూర్. చిట్టమూరులో ట్రాక్టర్లు బాగుచేస్తాడు. హైడ్రాలిక్ పని చెయ్యడం లేదని బండి తీసుకెళితే, బండి వైపు చూడకుండా నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏదన్నా, ఎడం చెయ్యి చూపించు."

"ఎందుకబ్బా?"

"మా ఇంటామె జబీనా చూసి రమ్మనింది. ఆ కథలో ముసలాయన కొడుక్కి ఎడం బొటనేలికి గోరు లేదంట. ట్రాక్టరు కొక్కెంలో నలిగి ఊడిపోయిందంట. ఆ కొక్కెంలో నుంచి నీ ఏలు బయటికి లాగింది నేనే కదన్నా. కష్టం నాది, మీ చెల్లెలు నా పేరు యాడా రాయలా!"

షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఒకడు, "నరేంద్రన్నా, క్యాథరిన్ మేడం చిట్టమూరు దాకా వచ్చిందంట, జాగ్రత్త," అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఒప్పుకున్నట్టు అవుతుంది. బండి అక్కడే వదిలేసి ఇంటికి నడిచి వచ్చాను.

రోజా ఫోను తీసుకుని మొదటి నుంచీ చదివాను. నాకు చదవడం నెమ్మది. అక్షరం అక్షరం కూడబలుక్కునేసరికి పొయ్యి మీది పాలు పొంగిపోయాయి. పద్దెనిమిదో భాగంలో ఉంది. గోరులేని బొటనవేలు మాస్కు అంచు కింద దూరడం. గ్లాసు వంగడం. మా పంచ గోడకి ఉన్న చిలక్కొయ్య కూడా ఉంది. సిలిండరు నిండుగా ఉందనీ, ఆ ముసలాయన ఇంకో రెండు రోజులు బతికేవాడనీ ఉంది.

ఊళ్ళోవాళ్ళు నవ్వితే నవ్వారు. వాళ్ళ నోళ్ళకి నేను కొత్త కాదు. నాకు కాలు నిలవకుండా చేసింది ఇంకొకటి.

మా అమ్మకి రోజూ సాయంత్రం మందుబిళ్ళా నీళ్ళూ ఇచ్చేది నేనే. నాయన పోయినప్పటి నుంచీ అదే అలవాటు. ఆ సాయంత్రం గ్లాసు తీసుకుని మంచం దగ్గరికి వెళుతుంటే రోజా లేచి వచ్చింది. నా చేతిలో గ్లాసు మెల్లగా తీసుకుంది.

"నేనిస్తాలే నాన్నా."

పిల్లకి బుద్ధి వచ్చిందనుకున్నాను. మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. నేను అమ్మ మంచం వైపు అడుగేస్తే చాలు, ఎక్కడున్నా వచ్చేస్తుంది. నాయనమ్మకి దగ్గర మంచం వేసుకుని పడుకోవడం మొదలుపెట్టింది.

ఉండబట్టలేక అడిగాను. "ఏంది మే, నేనిస్తే నాయనమ్మ తాగదా?"

"ఊరికే నాన్నా."

"అది కథమ్మా. తాతకి తులసి నీళ్ళు పొయ్యాలంటే మాస్కు తియ్యాలి కదా? ఎవురైనా అంతే కదా?"

అది ఫోను వైపే చూస్తూ అంది. "ఆ స్థితిలో ఉండేవాళ్ళకి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి నాన్నా. అత్త రాసింది."

చెవులు సరిగా వినపడని మా అమ్మ మంచం మీంచి కేకేసింది. "ఎవురో ఒకరు ఇయ్యండ్రా! దాహం నాది, పంచాయితీ మీదా?"

ఆ తర్వాత నేను ఇంట్లో కూర్చోలేకపోయాను. చేలోకి పోతే ఇంట్లో ఏం మాట్లాడుకుంటున్నారో అని, ఇంటికి వస్తే చేలో నీళ్ళు పోతున్నాయని. గట్టు మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. శుక్రవారం వస్తుందంటే బుధవారం నుంచే అన్నం సయించేది కాదు. అవతలి వారం హంతకుడెవరో తేలుస్తానని ఉషారాణి కథ కింద ప్రకటించింది. అంతకుముందే బస్సెక్కి నెల్లూరు పోయాను.

ఆసుపత్రి క్యాంటీన్లో కూర్చోబెట్టింది. దోసె తెప్పించింది. నేను ముట్టలేదు.

"అది కథన్నా," అంది.

"బొటనేలు నాదే కదా మే."

"యాడో ఒక చోట నుంచి ఏలు తేవాలి కదన్నా. నా చేతికి అన్నీ గోళ్ళే ఉండాయి."

"పిల్ల నా చేత నీళ్ళు ముట్టనీడం లేదు ఉషా. అమ్మకి నేను నీళ్ళియ్యకుండా కాపలా కాస్తా ఉండాది. నా కూతురు. నా ఇంట్లో."

అప్పుడు కాస్త మెత్తబడింది. నా ప్లేటు తనవైపు లాక్కుని దోసె తుంచింది గానీ తినలేదు.

"ఇంతకీ ఎవురు చంపింది?"

"ఇంకా రాయలా."

"రాస్తే ఎవురు?"

"కారణం ఎవురికి ఉంటే వాళ్ళే. కొడుక్కి కయ్య కావాల. అది చెల్లెలికి పోకముందే ముసలాయన పోవాల. ఇంత కారణం పెట్టుకోని వేరేవాణ్ణి పట్టుకుంటే జనం నన్ను తంతారన్నా."

"కారణం లేకపోతే?"

ఉషారాణి నా మొహంలోకి చూసింది. చిన్నప్పుడు నా పలక మీద లెక్క తప్పు పట్టుకున్నప్పుడు అలాగే చూసేది.

"కారణం లేని మనిషిని క్యాథరిన్ ఏం చేసుకుంటాదన్నా? తనే వదిలేస్తాది."

కయ్య ఇమ్మని అది అడగలేదు. ఈ మాట మాత్రం నేను న్యాయంగా చెప్పాలి. అడిగి ఉంటే లేచి వచ్చేసేవాణ్ణి. నాలుగు మాటలు తిట్టేవాణ్ణి. అడక్కుండా కూర్చుని, నా కళ్ళెదుటే దోసె ముక్కలు ముక్కలు చేసింది.

"సోమవారం నాయుడుపేటకి రా," అన్నాను.

నాయుడుపేటలో రిజిస్ట్రారు ఆఫీసు ముందు అది ఆటో దిగినప్పుడు కొత్త చీర కట్టుకుని ఉంది. కథ కోసం ఇస్తున్నావా అని తనడిగిందా, కథ మారుస్తావా అని నేనడిగానా? దానపత్రం అని రాశారు. లోపల వేలిముద్ర యంత్రం నలిగిపోయిన నా ఎడమ బొటనవేలిని పట్టుకోలేదు. కుర్రాడు గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ పట్టుకోలేదు. "గట్టిగా అదమండి సార్," అన్నాడు. అదిమాను. నాయన మాస్కు లేపినప్పుడు కూడా అంత గట్టిగా అదమలేదు. అప్పుడు పట్టుకుంది.

బయటికి వచ్చాక ఉషారాణి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. "నాయన చూసుంటే సంతోషపడేవాడన్నా," అని కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు నిజమైనవే. దాని కన్నీళ్ళు ఎప్పుడూ నిజమైనవే. అదే నా ఖర్మ.

శుక్రవారం వచ్చింది. హంతకుడు ఆంబులెన్సు వాడని తేలింది. ఖాళీ సిలిండరు పెట్టి డబ్బు తిన్నాడట. కొడుకు నిర్దోషి. క్యాథరిన్ మేడం కొడుకు చెయ్యి పట్టుకుని క్షమాపణ కూడా అడిగింది. ఆ పేరా నేను రెండుసార్లు చదువుకున్నాను. ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం తిన్నాను.

పొద్దున్నే నాగూర్ ఫోను చేశాడు. "తప్పించుకున్నావన్నా! మా జబీనా మాత్రం బో కోపంగా ఉండాది. ఇన్ని వారాలు చదివించి ఈ ముగింపు ఏందని అన్నం కూడా వొండలా. నాకు పస్తు నీ వల్లే!"

పోతే పోయింది పస్తు. ఆ సాయంత్రం ధైర్యంగా రోజా పక్కన కూర్చున్నాను.

"చదివినావా అమ్మా?"

"చదివినాను."

"చూసినావా మరి? కొడుకు కాదంట."

"పద్దెనిమిదో భాగంలో సిలిండరు నిండుగా ఉందని రాసింది నాన్నా."

"మర్చిపోయి ఉంటాదిలే."

"అత్త మర్చిపోదు. చిన్నప్పుడు చచ్చిపోయిన పిల్లి పేరు కూడా గుర్తు పెట్టుకుని కథ చివర్లో తెస్తాది." ఫోను పక్కన పెట్టింది. ఎన్నో రోజుల తర్వాత నా కళ్ళలోకి చూసింది. "సోమవారం మీరిద్దరూ నాయుడుపేటలో రిజిస్ట్రాఫీసుకి పోయినారంట, ఎందుకు నాన్నా?"

నేను చెప్పాను. అత్తకి తాత మాటిచ్చాడనీ, ఆ మాట నిలబెట్టాననీ చెప్పాను. అందులో అబద్ధం లేదు.

"ఇంతకాలం ఎందుకియ్యలేదు? ఇప్పుడెందుకు ఇచ్చినావు?"

వాళ్ళత్త కథలు చదివి చదివి అడగడం నేర్చుకుంది. నీళ్ళ వేళయిందని లేచాను. బిందెలో చెంబు ముంచి గ్లాసు నింపాను. మందుబిళ్ళ తీసుకున్నాను. అమ్మ అప్పటికే మంచం మీద లేచి కూర్చుని చెయ్యి చాచింది. గడప దాటేలోపల రోజా వచ్చింది. కోపంగా లేదు. మెల్లగా, నా గోరులేని వేలు తగలకుండా, గ్లాసు పైఅంచు పట్టుకుని తీసుకుంది.

"నేనిస్తాలే నాన్నా."

కాలవ కింద మొదటి తూము పక్కన, మా తాత నాటి నుంచీ మొలగొలుకుల వడ్లు పండిన కయ్య, నేను రాసిచ్చేసింది. ఎకరా పదిహేడు సెంట్లు.