పార్వతీదేవి రాసిన నలభై ఒక్క పేజీలు

1967 జూలైలో, ఇంకా ఇంగ్లండు ఏలుబడిలోనే ఉన్న ఒక ద్వీపదేశంలో, మోకా అనే ఊళ్లోని చెరకు పరిశోధన కార్యాలయంలో కంప్యూటర్ మొరాయించింది. ఇంగ్లండు నుంచి ఓడలో తెప్పించిన పాత యంత్రం అది. కొన్ని లెక్కల్లో మధ్యలో ఒక ఆదేశాన్ని దాటేసి తప్పు జవాబిచ్చేది. లోపల అది ఎలా పనిచేస్తుందో చెప్పే పుస్తకమేమో ఓడలోనే తడిసి ముద్దయిపోయింది.

"లండన్‌కి రాశాను. ఇంజనీరు ఫిబ్రవరిలో గాని రాడు," అన్నాడు అధికారి పియర్.

"అప్పటికి కోతలు అయిపోతాయి సార్. ఆ పుస్తకం నేను రాస్తాను," అంది పార్వతీదేవి. భౌతికశాస్త్రం చదివిన ఆమె ఆ యంత్రం నడిపే ఉద్యోగంలో చేరి ఏడాదయింది.

పియర్ నవ్వాడు. అమ్మాయిలని ఫ్రెంచివాళ్లలా 'మామ్‌జెల్' అని పిలవడం అతని అలవాటు. "తయారుచేసినవాళ్లకి తెలిసింది నీకెలా తెలుస్తుంది, మామ్‌జెల్?"

"దీపాలు చూసి తెలుసుకుంటాను సార్."

యంత్రం ముఖాన వరసగా చిన్న దీపాలున్నాయి; లోపల ఏ అంకె ఉందో అవి వెలిగి చూపిస్తాయి. పక్కనున్న మీట ఒకసారి నొక్కితే యంత్రం ఒక్క అడుగే వేసి ఆగుతుంది. మర్నాటి నుంచి ఆమె మీట నొక్కి దీపాలు చదివేది; బాన్ అక్యూయ్ అనే ఊరి నుంచి బస్సులో వచ్చే, ఆమె మామా అని పిలిచే ఎలక్ట్రీషియన్ రామలు రాసుకునేవాడు.

మొదటి అడుగులో, ఎన్నో ఆదేశం దగ్గరున్నామో లెక్కపెట్టే కౌంటర్, తర్వాతి ఆదేశం ఎక్కడుందో మెమరీకి చెబుతుంది. రెండో అడుగులో ఆదేశం బయటికొస్తుంది. మూడో అడుగులో కౌంటర్ ఒకటి పెరుగుతుంది. అసలు పని ఆ తర్వాతే. కూడికకి ఒక పేజీ, తీసివేతకి ఒక పేజీ రాసింది. ఏ సంకేతం ఏ తీగ మీదుగా పోతుందో పక్కనే బొమ్మ గీసింది.

మూడో వారంలో 'ఫలానా చోటికి పో' అనే ఆదేశం దగ్గరికి వచ్చారు. నలభైకి పొమ్మంటే కౌంటర్‌లో నలభై వచ్చింది. ఆమె మళ్లీ మీట నొక్కింది. వెలగకూడని చివరి దీపం వెలిగింది.

"నలభై ఒకటి! మామా, ఒకటి కలపడం మూడో అడుగుతోనే అయిపోవాలి కదా. మళ్లీ కలుపుతోంది! అందుకే నలభైలో ఉన్న ఆదేశాన్ని దాటేస్తోంది!"

గీసిన బొమ్మ మీద ఆ సంకేతం వెంట వేలు పోనిచ్చింది. వేలు ట్రాన్సిస్టర్లు బిగించిన ఒక కార్డు దగ్గర ఆగింది. రామలు దాన్ని ఊడదీసి పరీక్షించాడు.

"ఆలా, ఇదిగో! ఈ ట్రాన్సిస్టరే అమ్మాయ్. చచ్చిపోయింది, ఫినీ, అయిపోయింది!"

అతను కొత్తది అతికించాక ఆమె మళ్లీ మీట నొక్కింది. నలభై. ఇంకోసారి నొక్కింది. నలభై దగ్గరే నిలబడింది. ఆమెకు కళ్లలో నీళ్లొచ్చాయి. రామలు బల్ల మీద దరువేశాడు. ఆ మధ్యాహ్నం దిగుబడి అంచనాలు చేత్తో వేసిన లెక్కతో అంకె తేడా లేకుండా సరిపోయాయి. పియర్ కాగితం రెండుసార్లు చూసుకుని, లేచి నిలబడి చెయ్యి చాచాడు.

"బ్రావో, మామ్‌జెల్. నవ్వినందుకు క్షమించు."

అక్కడితో ఆపకుండా మిగిలిన ఆదేశాలన్నీ రాసింది. ఫిబ్రవరిలో లండన్ ఇంజనీరు వచ్చి, నలభై ఒక్క పేజీలూ కదలకుండా కూర్చుని చదివాడు.

"మా పుస్తకంలో కూడా ఇంత వివరంగా లేదు. మీరు ఏ ఫ్యాక్టరీలో నేర్చుకున్నారు?"

"ఇక్కడే, ఈ గదిలో."

"దీన్ని మా వాళ్లకి తీసుకెళ్లొచ్చా?"

ఇంకో నెలలో దేశానికి స్వాతంత్ర్యం. పార్వతీదేవి కాగితాలు సర్ది తన ముందుకు లాక్కుంది.

"నకలు ఇస్తాను సార్. అసలుది ఇక్కడే ఉంటుంది."