కారులో కూత

క్యాన్సర్ మందు ఎక్కించుకోవడానికి ఒమాహా ఆసుపత్రికి వెళ్ళాలంటే రెండు గంటల దారి. పాత పాటలు వింటూ కూర్చుంటే ఆర్లిస్‌కు వాంతుల సంగతే గుర్తొచ్చేది కాదు. పాడేవాళ్ళ పేర్లు పెద్దగా కనబడితే ఇంకా మురిసిపోతుందని ఆమె భర్త వెర్లిన్ కారులో కంప్యూటరు బిగించి, శాటిలైట్ రేడియోను దానికి కలిపాడు. నిక్షేపంలా పాడుతున్న రేడియో అది. వెర్లిన్ చేతులు ఊరుకోవు.

"బాగుంది గానీ, వెనకాల కీ... మని ఏదో కూస్తోంది," అంది ఆర్లిస్.

వెర్లిన్‌కు హుషారొచ్చింది. కార్లలో ఇలాంటివి బిగించేవాళ్ళందరికీ తెలిసిన రోగమే అది. ఇంజన్ కరెంటు పాట తీగలోకి జొరబడి కూస్తుంది. తనకు వినబడలేదంటే, ట్రాక్టర్ల మోతలో అరిగిన చెవులు కదా అనుకున్నాడు. ఎర్తు తీగ మార్చాడు.

"పోయిందా?"

"ఎక్కడ పోయింది ముసలోడా! ఇంట్లో పడుకున్నా చెవుల్లోనే తిరుగుతోంది."

"అంతసేపు వింటే తిరగదూ మరి!"

ఆసుపత్రిలో నర్సు వెళ్ళినప్పుడల్లా అడిగేది. "చెవుల్లో మోతేమైనా ఉందా అమ్మా?"

"అబ్బే, మోతంతా మా ఆయన రేడియోదే," అని ఆర్లిస్ నవ్వేది. పక్కనున్న వెర్లిన్ కూడా నవ్వేవాడు.

చివరికి అతను డాష్‌బోర్డంతా విప్పి తీగలన్నీ కొత్తగా వేశాడు. ఆ వారమే ఆసుపత్రిలో ఎంత పిలిచినా ఆర్లిస్ తల తిప్పలేదు. "జలుబుకి చెవులు దిబ్బళ్ళేశాయి," అంది. డాక్టరు పరీక్ష చేసి, వెర్లిన్‌ను పక్కకు పిలిచింది.

"ఈ మందు ఒక్కోసారి చెవుల్ని తినేస్తుందండీ. మోత మొదలైనప్పుడే చెప్పుంటే మార్చేవాళ్ళం. పోయింది ఇక రాదు."

"రేడియో అనుకున్నాం," అన్నాడు వెర్లిన్. అంత దిక్కుమాలిన మాట అతను జన్మలో అనలేదు. ఆమెకు తనే చెప్తానని బతిమాలుకున్నాడు. ఎలా చెప్పాలో మాత్రం తోచలేదు.

తిరుగు దారిలో రేడియో మోగింది. కూత లేదు, ఏనాడూ లేదు. తెర మీద ఆర్లిస్‌కు ప్రాణమైన గాయని పేరు వచ్చింది.

"పెట్టు, పెట్టు! పేరు చూపిస్తే సరిపోతుందా?"

వెర్లిన్ శబ్దం పెంచాడు. చివరిదాకా పెంచాడు. పాటకు కారు తలుపులు అదిరాయి. అతనికి దారి సరిగా కనబడలేదు.

ఆర్లిస్ తెరకేసి చూసింది. అలవాటుగా అతని భుజం తట్టింది.

"మళ్ళీ తీగ ఊడినట్టుంది. ఇంటికెళ్ళాక చూద్దువుగానిలే."

వెర్లిన్ తల ఊపాడు.