సన్యాసిరావు పెట్టిన బొట్టు

నేను ఒక ఆట పెట్టెను. పుస్తకాల్లో నా పేరు పిన్‌బాల్ యంత్రం. విశాఖపట్నం హార్బరు రోడ్డులో మాత్రం అందరూ గుండు మిషను అన్నారు. ఆ పేరుకే అలవాటు పడ్డాను. ఈ వయసులో ఇంకో పేరుకు అలవాటు పడే ఓపిక లేదు.

ఎక్కడో సముద్రాలకు అవతల ఒక కార్ఖానాలో నన్ను చేశారు. చెక్క ఒళ్ళు, గాజు మూత, లోపల స్ప్రింగులు, దీపాలు, గంటలు. మీట లాగి వదిలితే ఉక్కు గుండు పైకెగిరి, అక్కడా ఇక్కడా తగులుతూ కిందికి జారుతుంది. దాన్ని పడిపోకుండా ఆపడమే ఆట. ఎంత నేర్పరి ఆడినా చివరికి గుండు పడిపోవలసిందే. అది తెలిసి కూడా మనుషులు మళ్ళీ నాణెం వేస్తారు. ఎందుకని నేనెప్పుడూ ఆలోచించలేదు. అది నా పని కాదు.

ఓడలో వచ్చి మొదట రేవు దగ్గర నావికుల క్లబ్బులో నిలబడ్డాను. అక్కడికి వచ్చేవాళ్ళ భాషలు వేరైనా, ఓడిపోయినప్పుడు అందరూ నా పక్కన ఒకే రకంగా చరిచేవారు. గట్టిగా చరిస్తే ఆట ఆపేసి దీపాలు ఆర్పేస్తాను. నన్ను అలాగే తయారుచేశారు. దానికీ నన్నే తిట్టేవారు. క్లబ్బు మూతపడ్డాక, అక్కడ సామాను మోసే సన్యాసిరావు నన్ను రిక్షా బండి మీద వేసుకుని తన టీ కొట్టుకు తెచ్చుకున్నాడు.

సన్యాసిరావు కుడి చూపుడు వేలు వయసులో ఉండగానే రేవులో తాడు కింద నలిగి పోయింది. అందుకని దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడు బొటనవేలితో నాకు బొట్టు పెట్టేవాడు. నాణెం వేసే తలుపుకు పైన, ముందు పలక మీద, ఎప్పుడూ ఒకే చోట. ఆ బొట్టు గుండ్రంగా ఉండేది కాదు. చింతగింజలా కాస్త ఒరిగి ఉండేది. తరువాత కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు నా ఎడమ కాలి మీద పోసేవాడు.

పూజకు ముందు నన్ను తడిగుడ్డతో తుడవడం ఆయన భార్య పైడమ్మ పని. పాత బొట్టు ఆమె తుడవాలి, కొత్తది ఆయన పెట్టాలి.

"తుడిసీసేవా?"

"తుడిసీసేను. ఎట్టు."

ఏటా అదే మాట. మారిన ఏడాది లేదు.

కిందటి దసరా బొట్టు నా మీద ఉండగానే, వేసవిలో సన్యాసిరావు పోయాడు. పదో రోజున చుట్టాల్లో ఆడవాళ్ళు పైడమ్మ నుదుటి బొట్టు తీసేశారు. నా బొట్టు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

అప్పటికి నేను ఆడడం మానేసి చాలా కాలమైంది. ఉప్పుగాలికి లోపలంతా పోయింది. పాత సామాన్లవాడు వచ్చి నన్ను అటూ ఇటూ ఊపి చూశాడు. పైడమ్మ అతణ్ణి పంపేసి, వెనక సందులో ఉండే వడ్రంగి లాజరును పిలిపించింది. కుర్రతనంలో లాజరు నా మీద ఆడినవాడే. సన్యాసిరావును అన్నా అనేవాడు.

"లోపల ఏటీ నేదొదినా. అంతా తుప్పే," అన్నాడు గాజు ఎత్తి చూసి.

"ఉన్నదంతా తీసీ. దీన్ని టీ బల్లగా సేసీ. ఆయన ఒట్టుకొచ్చిన సామాను ఈ కొట్టులోనే ఉండాల."

లాజరు నా లోపలిదంతా గోనెసంచిలోకి దించాడు. గాజు మూత గోడకు ఆనించాడు. ఒళ్ళంతా కిరసనాయిలు గుడ్డతో రుద్దితే బీడీ పొగ, టీ మరకలు, ఎవరెవరి చేతి జిడ్డో ఊడివచ్చాయి. పక్కన పసుపు చారలు తేలాయి. నాకు అవి ఉన్నాయని నేనే మరిచిపోయాను.

ఎడమ కాలి దగ్గర ఉలి మోపగానే పనసతొనలోకి దిగినట్టు దిగింది. లాజరు వంగి చూశాడు.

"సెదలనుకున్నాను. కాదొదినా, కొబ్బరి నీళ్ళు! అన్న పూజ సేసీ సేసీ దీని కాలు కుళ్ళగొట్టీసేడు."

పైడమ్మ నవ్వింది. వేసవి తరువాత ఆమె నవ్వడం అదే మొదలు. "నాకొక్కనాడు కాలిమీద నీళ్ళోసిన పాపాన పోనేదు. దీనికి మాత్రం ఏటేటా అబిసేకాలు!"

కుళ్ళిన మేర కోసి, టేకు ముక్క అతికాడు. భక్తి కూడా చెక్కలోకి ఇంకుతుందని సన్యాసిరావుకు ఎవరు చెప్పగలిగేవారు? నేను చెప్పలేను కదా.

కిరసనాయిలు గుడ్డ ముందు పలక దగ్గరికి వచ్చింది.

"అది ముట్టుకోకు," అంది పైడమ్మ.

"బొట్టేనా?"

"నాది తీసీసినారు. దీనిదైనా ఒగ్గీయండి. ఆయన సేత్తో ఎట్టింది ఇదొక్కటే మిగిలింది."

లాజరు గుడ్డ కింద పెట్టేశాడు. ఆ జానెడు మేర వదిలి మిగతాదంతా నునుపు చేశాడు. వార్నిష్ వేసే రోజు మాత్రం బ్రష్షు పట్టుకుని నా ముందు ఊరికే నిలబడ్డాడు.

"దీనిమీద ఏత్తే కుంకం పలకంతా పామీసుద్ది. ఎయ్యకుండా ఒగ్గీత్తే టీ ఆవిరి తగిలి అదే కారిపోద్ది. ఎనకాలే పలకా ఉబ్బిపోద్ది. నువ్వే సెప్పొదినా."

ఆమె వెనక గదిలోకి వెళ్ళిపోయింది. నిజం చెబుతున్నాను, ఆ పూట నాకు పాత సామాన్లవాడే నయమనిపించాడు. ఒక మనిషి గుర్తును మోయడం ఉక్కు గుండును మోయడం లాంటిది కాదు. గుండు ఎప్పుడో ఒకప్పుడు పడిపోతుంది.

పైడమ్మ చెంబుతో నీళ్ళు, పాత చీర గుడ్డ తీసుకుని వచ్చింది.

"ఇలాగియ్యి, నాను తుడిసీత్తాను," అన్నాడు లాజరు.

"నువ్వొద్దు. ఎప్పుడూ నానే తుడిసినాను."

తొందరపడలేదు. ముందు చుట్టూ తుడిచింది. తరువాత బొట్టు మీద గుడ్డ ఆనించి, కొంతసేపు అలాగే ఉంచి, మెల్లగా లాగింది. గుడ్డ ఎర్రనైంది.

"తుడిసీసేను," అంది.

రెండో మాట కూడా నోటి దాకా వచ్చింది. పెదవులు కదిలాయి. బయటికి రాలేదు. లాజరు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

చెమటకు వెంట్రుకలు మొహం మీద పడ్డాయి. ఆమె చేత్తో పైకి తోసుకుంది. గోడకు ఆనించిన నా గాజు మూతలో ఆమె మొహం కనబడింది. నుదుటి మీద ఎర్రటి తడి. గుండ్రంగా లేదు, కాస్త ఒరిగి ఉంది. ఆమె చూసుకుంది. గుడ్డ ఉన్న చెయ్యి పైకి లేచింది. సగంలో ఆగి, దిగిపోయింది.

"కానీ లాజరూ, వార్నిష్ ఎయ్యి. పొద్దెక్కిపోతంది."

ఆ మధ్యాహ్నం నేను ఆరుతూ ఉండగా, చేపల గంప దించుకుని ఒకామె టీకి వచ్చింది. పైడమ్మ గ్లాసు అందిస్తుంటే ఆమె కళ్ళు అక్కడే ఆగాయి.

"ఏటే పైడమ్మా, ఆ నుదుట?"

"కుంకం అంటింది."

"మరి తుడుసుకోవేటి?"

పైడమ్మ పొయ్యి మీది గిన్నె దించింది. "ఇయ్యాల్టికి తుడిసింది సాలు," అంది.

ఇప్పుడు నా మీద గాజు గ్లాసులు ఉంటాయి, లోపల బిస్కెట్ల సీసాలు. పాతవాళ్ళు కొందరు టీ ఆలస్యమైతే అలవాటుగా నా పక్కన చరుస్తారు. ఆర్పడానికి నా దగ్గర దీపాలు లేవు. ముందు పలక మీద వార్నిష్ కింద కొంచెం ఎరుపు మిగిలే ఉంది. తెలిసినవాళ్ళకు తప్ప అది కనబడదు. పైడమ్మ రోజూ తడిగుడ్డతో అక్కడే మొదలుపెడుతుంది.