తిప్పమ్మ చెంబు

మా అమ్మ తిప్పమ్మకు బొల్లి. చేతులు, మెడ, సగం మొహం తెల్లగా ఉండేవి. బతికినన్నాళ్లూ ఆమెను ఏ పెళ్లి పందిట్లోకీ రానివ్వలేదు. బోరింగు దగ్గర ఆమె చెంబు వేరు. దాన్ని ఇంకెవరూ ముట్టుకునేవాళ్లు కాదు. చచ్చాకైనా వదిలారా? బొల్లి ఉన్న మనిషిని పూడిస్తే వానలు పడవని మా వైపు ఒక దిక్కుమాలిన నమ్మకం. అమ్మను చేనిగట్టున మా నాయన పక్కన పూడ్చాం. ఆ తర్వాత రెండేళ్లూ వేరుశనగ ఎండిపోయింది. ఇంకేముంది, తప్పంతా అమ్మదే! తవ్వి తీసి కాల్చాలని ఊరంతా ఒక్కటైంది. అందరికంటే ముందున్నవాడు మా చిన్నాయన కుళ్లాయప్ప.

నేను అప్పుడు కళ్యాణదుర్గంలో టైపు నేర్పేదాన్ని. ఆ ఏడు నార్వే నుంచి ఒక చర్చి బృందం వచ్చి ఊరూరా కంటి పరీక్షలు, ప్రార్థనలు చేస్తోంది. ఇంగ్లీషు వచ్చు కదా అని వాళ్ల మాటలు తెలుగులో చెప్పడానికి నన్ను పెట్టుకున్నారు. తవ్వుతామన్న రోజునే పట్టుబట్టి వాళ్లను మా ఊరికి తీసుకెళ్లాను. పరాయి దేశపోళ్ల ముందు సమాధి మీద చెయ్యి వేసే మగాడెవడో చూద్దామని.

వ్యాను దిగిన నర్సు ఇంగ్రిడ్‌ను చూసి జనం రెండడుగులు వెనక్కి వేశారు. అరుగు మీద కూర్చున్న బయమ్మవ్వ, చూపు ఆనని మనిషి, ఆ తెల్లటి చేతుల వైపు తల తిప్పి, "తిప్పీ, మళ్లీ వచ్చినావా మే?" అంది.

చిన్నాయన పార భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"వీళ్లు ఎంతసేపుంటారు మే హేమా?"

"ఉన్నంతసేపు ఉంటారు. నీకెందుకు?"

"పొద్దు గుంకితే పోతారు గదా. మేం యాడికి పోతాం? ఈడనే ఉంటాం."

"మా అమ్మ మీద పార పడితే చిన్నాయనవని గూడ చూడను!"

బడిలో కంటి పరీక్షలు మొదలయ్యాయి. నడినెత్తిన ఎండ. ఇంగ్రిడ్ ఎక్కడా కనిపించలేదు. వెతుకుతుంటే చేని దారిలో నడిచి వస్తోంది. గుండెల మీద బట్ట తడిసి ఉంది. ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయాయి, ట్యాంకరు ఇంకా రాలేదు. ఆమె చేతిలో అంచు సొట్టపోయిన ఇత్తడి చెంబు.

ఆ చెంబు అమ్మది. అమ్మ తల పక్కన గుంతలో పెట్టింది నేను. దాని మీద మట్టి తోసింది చిన్నాయన. ఆయనా దాన్ని చూశాడు. పార జారి కింద పడింది.

"ఏమంటాండాది మే ఆయమ్మ?" అన్నాడు.

ఇంగ్రిడ్ సంబరంగా చెబుతోంది. గట్టు మీద ఒకామె పిలిచి నీళ్లిచ్చిందట. ఇద్దరి చేతులూ పక్కపక్కన పెట్టి చూసి నవ్విందట. తర్వాత నేల మీద కూర్చుని రెండు చేతులతో మట్టి గోకిందట. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఆకాశం వైపు చూపించి, దండం పెట్టిందట.

"పాపం, అక్కడ బోరు వేయించమని అడుగుతోంది. మా చర్చిలో చెప్తాను" అంది.

బోరు కాదు. అమ్మ ఏం అడిగిందో నాకు తెలుసు. తనను తవ్వి తీయమంటోంది. తనవల్లే వాన రావడం లేదని ఆ పిచ్చిది కూడా నమ్మింది. నాకు ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. ఊరంతా నా నోటి వైపే చూస్తోంది.

"వినండి!" అన్నాను. "నన్ను ఈడ నుంచి కదిలిస్తే ఊర్లో మిగిలిన నాలుగు చుక్కలూ నాతోనే తీస్కపోతా అనిందంట మా అమ్మ."

చిన్నాయన పార కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. ఆయన వెనకే మిగతావాళ్లు. అక్కడ నీళ్లు పడవని ఇంగ్రిడ్‌కు చెప్పి, చెంబు తీసుకుని చేనికి పోయాను.

సమాధి మట్టి చెక్కు చెదరలేదు. పక్కన నేల మీద మాత్రం పది వేళ్ల గీతలు. వాటిని కాలితో చెరిపేసి, చెంబు తల దగ్గర బోర్లించాను.

"చచ్చినాక గూడ ఊరి మాటే వింటావా అమ్మా? నీ తప్పేం లేదు. పండుకో."

కింద ఏదో గోకుతున్న చప్పుడు. ఎలుకేమో అనుకుని మట్టి మీద చేతులు ఆనించాను. ఆగింది, మళ్లీ మొదలైంది. అరచేతుల కింద మట్టి మెల్లగా పైకి లేస్తోంది.

"వద్దు మా, వద్దు" అంటూ పొద్దు గుంకేదాకా రెండు చేతులతో ఆ మట్టిని అదిమి పట్టుకుని కూర్చున్నాను.